సాక్సు సాయమే, నడకే మందు

చిరంజీవి చిన్నాకు,

ఎల్బీనగర్ ఆసుపత్రి నుంచి అమ్మను దిల్‌సుఖ్‌నగర్ ఇంటికి తీసుకొచ్చారని, మోకీలు మార్పిడి ఆపరేషన్ బాగానే జరిగిందని తెలిసి మనసు కుదుటపడింది. కుట్ల నొప్పి కన్నా కాలికి వేసిన బిగుతు సాక్సుతోనే ఆమెకు ఎక్కువ చిరాగ్గా ఉందని, తీసేస్తే ఏమవుతుందని రోజూ అడుగుతోందని రాశావు. నా మాట ముందే చెబుతాను. డాక్టరు తీయమనేదాకా వేయించు, కానీ అమ్మ కాలిని కాపాడేది ఆ సాక్సేనని అనుకోకు. కాపాడేవి రెండు: రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందు, ఆమె వేసే అడుగులు. సాక్సు ఆ రెంటికీ సాయం. సాయానికి తెచ్చుకున్నది నడకకు అడ్డం రాకూడదు, చర్మానికి పుండు చేయకూడదు.

గడ్డ ఎందుకు కడుతుందో తెలిస్తే సాక్సు చేసే పని ఎంతో నీకే అర్థమవుతుంది. 1850లలో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో చేసిన పరిశోధనల మీద ఆధారపడి వైద్యులు దీనికి మూడు కారణాలు చెబుతారు: రక్త ప్రవాహం మందగించడం, నాళం గోడ దెబ్బతినడం, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం. మోకీలు మార్చినప్పుడు ఈ మూడూ ఒకేసారి కలుస్తాయి. ఎముకకూ కండకూ కోత పడుతుంది, గాయం మాన్పుకోవడానికి ఒళ్లు రక్తాన్ని చిక్కబరుస్తుంది, మనిషి మంచం మీద ఉంటుంది. మామూలు రోజుల్లో అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగిసి, లోపలి సిరల్లోని రక్తాన్ని పైకి తోస్తుంది. నడక ఆగితే ఆ తోపు ఆగుతుంది. సాక్సు బయటి నుంచి నొక్కి సిరలను కాస్త సన్నం చేస్తుంది, అందువల్ల రక్తం చురుగ్గా కదులుతుంది. ఆసుపత్రుల్లో వేసే తెల్ల సాక్సు ఒత్తిడి చీలమండ దగ్గర సుమారు 18 మిల్లీమీటర్ల పాదరసమంత ఉండి, పైకి పోయేకొద్దీ తగ్గుతూ తొడ దగ్గర 8కి దిగుతుంది. అమెరికాలో కాన్రాడ్ జోబ్‌స్ట్ అనే ఇంజినీరు తన సిరల జబ్బుకు ఈతకొలనులో నిలబడితే హాయిగా ఉండటం గమనించాడు. నీటి ఒత్తిడి లోతుకొద్దీ పెరుగుతుంది కదా, ఆ సూత్రాన్నే గుడ్డలోకి తెచ్చి 1950 ప్రాంతంలో ఇలాంటి మేజోళ్లు తయారుచేశాడు. కింద ఎక్కువ, పైన తక్కువ: దీని పనితనమంతా ఆ వరసలోనే ఉంది. వరస తప్పితే మేలు పోయి కీడు మొదలవుతుంది.

ఇక రుజువుల సంగతి. 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చిన క్లాట్స్ పరిశోధనలో, పక్షవాతంతో కదల్లేని 2,518 మందిని పరిశీలించారు. తొడదాకా సాక్సు వేసినవారిలో 10 శాతం మందికి, వేయనివారిలో 10.5 శాతం మందికి లోపలి సిరల్లో గడ్డలు కనిపించాయి. అంటే తేడా లేనట్టే. చర్మం చెడటం, పుండ్లు పడటం మాత్రం సాక్సు వేసినవారిలో 5 శాతం దాకా, వేయనివారిలో ఒక శాతం చిల్లర. 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మరో పరిశోధనలో ఆపరేషన్ కోసం చేరిన 1,905 మంది ఉన్నారు. గడ్డకట్టకుండా ఇంజెక్షన్ ఒక్కటే తీసుకున్నవారిలో 1.7 శాతం మందికి, ఇంజెక్షన్‌తో పాటు సాక్సు కూడా వేసుకున్నవారిలో 1.4 శాతం మందికి గడ్డలు కట్టాయి. సాక్సు లేకపోయినా ఇంజెక్షన్ ఒక్కటే సరిపోతుందని వాళ్లు తేల్చారు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2018లో మోకీలు మార్పిడికి మూడు దారులు సూచించింది: 14 రోజులు ఆస్పిరిన్, లేదా 14 రోజులు ఇంజెక్షన్లు, లేదా రివరాక్సబాన్ మాత్ర. ఇంజెక్షన్ల దారికే సాక్సును జత చేసింది, అదీ డిశ్చార్జి వరకే. ఇవన్నీ చూస్తే సాక్సు స్థానం ఎక్కడో తెలుస్తుంది. మందు మానేసి సాక్సు మీద భారం వేయడం మాత్రం ఏ రుజువూ ఒప్పుకోదు.

"అలాగైతే ఈరోజే తీసేయొచ్చుగా" అని నువ్వనొచ్చు. తొందరపడకు. పక్షవాతంతో మంచాన ఉన్నవారికి తేలింది, కొత్త కీలుతో నడక నేర్చుకుంటున్న మనిషికి అక్షరాలా వర్తించదు. రెండో పరిశోధనలోని వారంతా ఇంజెక్షన్లు తీసుకున్నవారే, కాబట్టి అమ్మకు ఏ మందు ఇచ్చారో, ఎన్నాళ్లు వాడమన్నారో తెలియకుండా ఆ ఫలితాన్ని మన ఇంటికి తెచ్చుకోలేం. మార్గదర్శకాలు సగటు మనిషిని చూసి రాస్తారు. బరువు, ఉబ్బిన సిరలు, అంతకుముందు ఎప్పుడైనా గడ్డకట్టిన చరిత్ర, రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించుకోవడం, ఇవన్నీ చూసేది ఆపరేషన్ చేసిన డాక్టరు. వాపు అదుపులో ఉండటానికి కూడా కొందరు సర్జన్లు వేయిస్తారు. అందుకని రివ్యూకి వెళ్లేలోపే ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడుగు: గడ్డకట్టకుండా ఇచ్చిన మందు ఏది, ఎన్ని రోజులు? సాక్సు ఎప్పటిదాకా? రాత్రి తీయొచ్చా? తొడదాకా అక్కర్లేకపోతే మోకాలి కిందిదాకా ఉన్నది సరిపోతుందా? చివరి ప్రశ్న మొహమాటపడకుండా అడుగు. తొడదాకా ఉన్నదాన్ని కొడుకు చేత వేయించుకోవడానికి అమ్మ సిగ్గుపడుతోందేమో, అది నీతో చెప్పలేక బిగుతు మీద నెపం పెడుతోందేమో. కోడలో, వచ్చే నర్సమ్మో ఆ పని చేస్తే పేచీ సగం తగ్గుతుంది.

రెండో అభ్యంతరం బిగుతు. సరైన కొలతలో ఉన్నది గట్టిగా పట్టుకున్నట్టు ఉంటుంది, నొప్పి పెట్టదు. నొప్పి పెడితే తప్పు అమ్మ ఓర్పుది కాదు, సైజుది. ఆపరేషన్‌కు ముందు తీసిన కొలత, తర్వాత వాచిన కాలికి సరిపోకపోవచ్చు. పొద్దున లేవగానే, వాపు తక్కువగా ఉన్నప్పుడు, చీలమండ దగ్గర, పిక్క లావుగా ఉన్నచోట, తొడదాకా అయితే తొడ దగ్గర టేపుతో కొలిచి కాగితం మీద రాసుకుని మెడికల్ షాపుకు వెళ్లు. ఎస్, ఎమ్, ఎల్ అని ఊహించి కొనకు. "పోనీ ఒక సైజు పెద్దది తెద్దాం" అనుకోకు, వదులైతే ఒత్తిడే ఉండదు. పక్క ఫ్లాట్‌లో ఎవరో వాడి దాచిన జత ఇస్తామంటే వద్దని చెప్పు, వాడినకొద్దీ సాగే గుణం పోతుంది. షుగరు ఉన్నవారికి, కాలి ధమనుల్లో రక్తం తక్కువగా పారేవారికి ఇవి హాని చేయగలవు. అమ్మకు షుగరు ఉంటే పాదంలో నాడి, స్పర్శ చూశారా అని డాక్టరును అడిగి తీరాలి.

వేసే పద్ధతి తెలిస్తే బిగుతు కష్టం చాలావరకు పోతుంది. పొద్దున మంచం దిగకముందే వేయాలి. కాలు పూర్తిగా ఆరి ఉండాలి. కొబ్బరినూనె రాస్తే సాక్సు జారుతుంది, సాగే దారం చెడుతుంది. మెట్టెలు, పట్టీలు తీసేయాలి. సెంటిమెంటుగా అనిపించినా బిగుతు కింద లోహం ఉంటే చర్మం కోసుకుపోతుంది. చేయి లోపలికి పెట్టి మడమ భాగాన్ని పట్టుకుని, అక్కడిదాకా సాక్సును లోపలివైపు పైకి తిప్పు. ముందు పాదానికి తొడిగి, మడమ గుంటలో మడమ సరిగ్గా కూర్చుందో లేదో చూసి, తర్వాత కొద్దికొద్దిగా పైకి తీసుకెళ్లు. గిన్నెలు తోమేటప్పుడు వేసుకునే రబ్బరు గ్లోవ్స్ వేసుకుంటే గుడ్డ పట్టు దొరుకుతుంది, ముడతలు అరచేత్తోనే సర్దుకుపోతాయి. పై అంచు లాగి మడవకు. మడత పడ్డచోట కాలికి తాడు కట్టినట్టే, కిందకన్నా పైన ఒత్తిడి పెరిగి, నేను చెప్పిన వరస తలకిందులవుతుంది.

మూడో అభ్యంతరం ఎండ, ఉక్క. హైదరాబాద్ మే నెలలో 40 డిగ్రీలు దాటినప్పుడు ఈ గుడ్డను భరించమనడం తేలిక కాదు, ఆ బాధను కొట్టిపారేయకు. రెండు జతలు కొను. తడిబట్టతో తుడిచేందుకు రోజుకు ఒకసారి తీసి, ఆరిన కాలికే ఉతికినది వేయి. తేలిక సబ్బుతో చేత్తో ఉతికి, పిండకుండా నీడలో ఆరేయి. తీసినప్పుడు మడమ, వేళ్లు, మోకాలి వెనక మడత, పిక్క అడుగుభాగం వెలుతురులో చూడు. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రనైతే సరే. తెల్లబడకుండా అలాగే ఉంటే, పొక్కు లేస్తే, వేళ్లు నీలంగా మారినా మొద్దుబారినా, సాక్సు మళ్లీ వేయకుండా డాక్టరుకు చెప్పు. మన ఇళ్లలో పిక్క నొప్పంటే నూనె పెట్టి మర్దన చేయడం అలవాటు. ఇప్పుడు ఆ పని వద్దు, లోపల గడ్డ ఉంటే కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు. పిక్క గట్టిపడి నొప్పి, వేడి పెరిగినా, ఒక కాలి వాపు రాత్రి పడుకున్నా తగ్గకపోయినా అదే రోజు చూపించు. ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం వస్తే క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయి.

చివరిగా, నీ శ్రద్ధ ఎక్కువగా ఎక్కడ ఉండాలో చెబుతాను. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పాదాన్ని పైకి కిందకి ఆడించమను. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు వాకర్ పట్టుకుని గదిలో, తర్వాత వరండాలో, తర్వాత వీధిలో నడిపించు. ఒకేసారి ఎక్కువ దూరం కన్నా రోజంతా చిన్నచిన్న నడకలే మేలు. నడవడానికి ఓపిక వచ్చి డాక్టరు సరేనన్నాక రివ్యూకి ఆటోలో కుదిపించకుండా మెట్రోలో తీసుకెళ్లు. 2018 సెప్టెంబరులో మొదలైన అమీర్‌పేట–ఎల్బీనగర్ మార్గంలో దిల్‌సుఖ్‌నగర్ దాటాక చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆ తర్వాత ఎల్బీనగరే. స్టేషన్లలో లిఫ్టులు ఉన్నాయి, మెట్లు ఎక్కే పని లేదు. ఆ ప్రయాణం కూడా ఆమెకు నడకే. సాక్సు విషయంలో ఆమె విసుక్కున్న రోజున గదమాయించకు. ఎన్నాళ్లు వేసుకోవాలో తేదీతో సహా చెప్పు, అది తెలిస్తే మనిషి ఓర్చుకుంటుంది. మందు వేళ తప్పనివ్వకు, నడక మాననివ్వకు. ఆ రెండూ సాగుతున్నంతకాలం సాక్సు గురించి మీరిద్దరూ వాదులాడుకోవాల్సిన పని లేదు. డాక్టరు ఏం చెప్పారో నాకు రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న