తులసిదళము: వైద్యమా, మంత్రమా?

యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘తులసిదళం’ 1980 దశకపు తొలినాళ్ళలో ‘ఆంధ్రభూమి’ వారపత్రికయందు వెలువడుచుండఁగా పాఠకులు తరువాతి సంచికకై కాచుకొని యుండెడివారు. తులసి యను పసిబిడ్డకు వింతజబ్బు కలుగును. అది కాష్మోరా యను చేతబడి యని కొందఱు, శాస్త్రమునకు అందు రోగమే యని వైద్యులు వాదింతురు. ఉభయుల యత్నములును ఒక్కసారి సాగఁగా బిడ్డ బ్రదుకును. ఎవరివలన బ్రదికెనో రచయిత తేల్పలేదు.

ఈ నేర్పును మెచ్చినవా రనేకులు. రంగనాయకమ్మ గారు మాత్రము ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అను పుస్తకమే వ్రాసి, ఇది మూఢనమ్మకములను పెంచునని ఖండించిరి.

కథలోని బిగువును మేమును ఒప్పుకొందుము. చదువఁ బూనినచో రాత్రి దీప మార్ప బుద్ధి పుట్టదు. అయినను చిక్కంతయు ఆ ముగింపులోనే యున్నది. కర్నూలు, కడప జిల్లాల వేరుసెనగ చేలలో పాము కఱచినవానికి మంత్రము వేయించు వారిని మన మెఱుఁగుదుము. కఱచినది విషములేని పామైనచో వాఁడెట్లును బ్రదుకును. పేరు మంత్రగానికి వచ్చును. నవలలో రెండు యత్నములును ఒక్కసారి సాగినవి గాని, చేనిగట్టున నుండు బండి యొక్కటే. కట్లపాము కాటునకు నొప్పి యంతగా నుండదు గనుక దానిని ముందుగా మంత్రగాని యింటికే తోలుదురు. కొన్ని గంటలకు ఊపిరి యాడదు. ఆసుపత్రిలోని విషహరపు సూదిమందు మేలుచేయు కాలము ఆ గంటలే.