సెలవుల ప్రయాణం: పేట, నందిగామ కుటుంబాలు తరచూ అడిగే ప్రశ్నలు

మిరప కల్లాలు ఎత్తేసి, పిల్లల పరీక్షలు ముగిశాక మన మెట్ట ఊళ్లలో ప్రయాణాల మాట మొదలవుతుంది. తిరుపతి, అన్నవరం, అరకు, పాపికొండలు. జగ్గయ్యపేటకూ నందిగామకూ ప్రయాణికుల రైలు లేదు కాబట్టి ఎక్కడికి బయల్దేరినా ముందు రోడ్డెక్కాల్సిందే. ఎక్కడికి వెళ్లాలన్నది ఇంటిల్లిపాదీ రోజుల తరబడి మాట్లాడుకుంటారు. ఎందులో వెళ్లాలన్నది మాత్రం ఆఖరి రోజు ఒక్క ఫోనులో తేల్చేస్తారు. ప్రాణం ఆధారపడేది ఆ రెండో మాట మీదే. అందుకే ఇక్కడ వాహనాల గురించే ఎక్కువ రాశాను.

ఊళ్లో తెలిసినాయన సొంత కారు ఉంది. కిలోమీటరుకు ఇంత అని మాట్లాడుకుని తిరుపతి వెళ్లొచ్చా?

వద్దు. తెల్ల నంబరు ప్లేటు కారు సొంత వాడకానికే. కిరాయికి తిప్పాలంటే పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు, పర్మిట్, ఫిట్‌నెస్, కిరాయి వాహనానికి చేసే బీమా ఉండాలి. సొంత కారు పాలసీలో కిరాయికి వాడకూడదన్న షరతు ఉంటుంది. ఏదైనా జరిగితే బీమా కంపెనీ ముందు పట్టుకునేది దాన్నే. కారు నష్టానికి చేతులెత్తేస్తుంది, లోపల కూర్చున్నవాళ్ల పరిహారం మీద కేసు ఏళ్లకేళ్లు సాగుతుంది. రవాణా అధికారులు దారిలో ఆపి బండిని పక్కన పెడితే ముసలివాళ్లతో, పిల్లలతో మీరు రోడ్డు మీద నిలబడాలి. టాక్సీకి చెప్పే నాలుగు రూపాయలు ఎక్కువగా కనిపిస్తాయి, నిజమే. ఆ తేడా బీమాకూ పర్మిట్‌కూ పోతుంది. నంబరు చెప్పమని అడగండి. ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఫిట్‌నెస్, బీమా ఎప్పటివరకు ఉన్నాయో కనిపిస్తుంది. అడిగితే నొచ్చుకునే డ్రైవరు బండి ఎక్కకండి.

టాక్సీ గరికపాడు దాటి యాదగిరిగుట్ట, హైదరాబాదు వెళ్తే అదనంగా కట్టాలా?

2014 జూన్ 2 నుంచి గరికపాడు అవతల వేరే రాష్ట్రం. ఆలిండియా టూరిస్టు పర్మిట్ ఉన్న బండికి విడిగా రాష్ట్ర పన్ను పడదు. లేని బండి తాత్కాలిక పర్మిట్ తీసుకోవాలి. ఆ ఖర్చు, టోలు, డ్రైవరు బత్తా ఎవరివో బయల్దేరకముందే వాట్సాప్‌లో రాయించుకోండి. నోటి మాట తిరుగు ప్రయాణంలో మారిపోతుంది.

మొక్కు తీర్చుకోవడానికి చుట్టాలందరం ట్రాక్టరు మీద వేదాద్రో, పెనుగంచిప్రోలో వెళ్తే తప్పేంటి? దగ్గరే కదా.

2020 జూన్ 17న వేదాద్రి నరసింహస్వామిని చూసుకుని ట్రాక్టరులో తిరిగి వెళ్తున్నవాళ్లను జగ్గయ్యపేట మండలంలోనే లారీ ఢీకొట్టింది. ఖమ్మం జిల్లా పెదగోపవరం నుంచి వచ్చిన చుట్టాలూ పక్కాలూ వాళ్లు. పదిమందికి పైగా పోయారు, పిల్లలు కూడా. దగ్గర ప్రయాణమే అది.

చట్టం మాట చెప్పాలంటే, ట్రాక్టరు ట్రక్కులో మనుషుల్ని ఎక్కించడానికి అనుమతి లేదు. ట్రాక్టరు బీమా వ్యవసాయ పనికి చేసేది. సరుకు వాహనంలో ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ పరిహారం కట్టనక్కర్లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులోనే ఆశారాణి కేసులో చెప్పింది. అప్పుడు బాధ్యత ట్రాక్టరు యజమాని మీద పడుతుంది, ఆయన కూడా సాధారణంగా మీ చుట్టమే అవుతాడు. పోయినవాళ్ల కుటుంబం, బండి ఇచ్చినవాళ్ల కుటుంబం రెండూ కుంగిపోతాయి. తలా కొంత వేసుకుని పర్మిట్ ఉన్న మినీ బస్సు మాట్లాడుకోండి. పదిహేను, ఇరవై మంది ఉంటే మనిషికి పడేది పెద్ద మొత్తమేమీ కాదు.

రాత్రికి రాత్రి వెళ్లిపోతే ఒక రోజు కలిసొస్తుంది. డ్రైవరు ఒక్కడే అయితే?

2017 ఫిబ్రవరి 28 తెల్లవారుజామున భువనేశ్వర్ నుంచి హైదరాబాదు వెళ్తున్న ప్రైవేటు బస్సు పెనుగంచిప్రోలు మండలంలో రెండు వంతెనల మధ్య సందులో పడిపోయిన సంగతి నందిగామ ఆసుపత్రి చుట్టుపక్కలవాళ్లు మర్చిపోలేదు. మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961 ప్రకారం డ్రైవరు పని రోజుకు 8 గంటలు. దూర ప్రయాణాలకు సడలించినా 10 గంటలు దాటకూడదు. వరుసగా 5 గంటలు నడిపితే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలి. నందిగామ నుంచి తిరుపతికి రాత్రంతా నడిపించి, దర్శనం కాగానే మళ్లీ వెనక్కి నడిపించడం ఈ లెక్కకు ఎక్కడా సరిపోదు. రెండో డ్రైవరునైనా అడగండి, ఒక రాత్రి గదైనా తీసుకోండి. ఆ గదిలో డ్రైవరుకూ పడక ఉండాలి.

ఆడవాళ్లకు ఉచిత బస్సు ఎక్కడివరకు?

స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. రాష్ట్రంలో నివాసం ఉన్న ఆడవాళ్లు గుర్తింపు కార్డు చూపించి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఎక్కవచ్చు. సూపర్ లగ్జరీకి, ఏసీ బస్సులకు, రాష్ట్రం దాటే సర్వీసులకు వర్తించదు. పేట నుంచి విజయవాడకు ఎక్స్‌ప్రెస్‌లో డబ్బు పడదు, పక్కనే ఉన్న కోదాడకు పడుతుంది. తెలంగాణ మహాలక్ష్మి పథకం అక్కడి నివాసులకే.

తిరుమలకు ముందు రైలు టికెట్టా, దర్శనం టికెట్టా?

దర్శనమే. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతారు. రైలు రిజర్వేషను 2024 నవంబరు 1 నుంచి 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటోంది. దర్శనం తేదీ దొరికాకే మిగతావి. ఒకరి పేరు మీద తీసుకున్న దర్శనం టికెట్టుతో ఇంకొకరు వెళ్లలేరు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఈ టికెట్టు అక్కర్లేదు, వయసు చూపే కాగితం మాత్రం దగ్గరుంచుకోండి. కారులో వెళ్తే అలిపిరి దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి.

రైల్లో పిల్లలకు ఎంత? అనుకున్నవాళ్లు రాలేకపోతే ఆ టికెట్టు పోయినట్టేనా?

అయిదేళ్లు నిండని బిడ్డకు బెర్తు అడగకపోతే టికెట్టే వద్దు. అయిదు నుంచి పన్నెండు లోపువాళ్లకు బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, వద్దంటే సగం. రాలేనివారి ఖరారైన టికెట్టును అమ్మ, నాన్న, తోబుట్టువులు, భార్య లేదా భర్త, పిల్లల్లో ఒకరి పేరుకు మార్చుకోవచ్చు. రైలు బయల్దేరడానికి 24 గంటల ముందు రిజర్వేషను కార్యాలయంలో బంధుత్వం చూపే కాగితంతో అర్జీ ఇవ్వాలి. ఈ హక్కు తెలియక టికెట్లు రద్దు చేసుకునేవాళ్లు చాలామంది. రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై మీరు ప్రయాణం మానుకుంటే, రైలు కదలకముందే టీడీఆర్ (డబ్బు వెనక్కి కోరే అర్జీ) పెడితే డబ్బంతా తిరిగి వస్తుంది.

పాపికొండల లాంచీ ఎక్కేముందు ఏం చూడాలి?

లైఫ్ జాకెట్. చంటిబిడ్డతో సహా అందరికీ, దిగేదాకా ఒంటి మీద ఉండాలి. 2017 నవంబరులో మన పక్కనే పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవలు మునిగి కుటుంబాలకు కుటుంబాలే పోయాయి. వరద ఉన్న రోజు డబ్బు పోయినా సరే ఎక్కకండి.

హోటలు బిల్లులో సర్వీసు ఛార్జీ వేశారు. కట్టాలా?

కట్టనక్కర్లేదు. అడక్కుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. తీసేయమనండి. జీఎస్టీ మాత్రం కట్టాలి.

హైవే మీద ప్రమాదం జరిగితే ఆసుపత్రి ముందు డబ్బు అడుగుతుందా?

108కి, రహదారి సాయానికి 1033కి ఫోన్ చేయండి. 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేని చికిత్స అందాలి. సాయం చేసిన దారినపోయేవాళ్లను పోలీసులు సాక్ష్యానికి బలవంతపెట్టకూడదు. భయపడి ఆగకుండా పోకండి.

టూరు నిర్వాహకుడు డబ్బు తీసుకుని యాత్ర రద్దు చేశాడు. ఆఫీసు హైదరాబాదులో ఉంది. అక్కడికెళ్లి తిరగాలా?

అక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మీకిచ్చిన పెద్ద బలం ఇదే. మీరు ఉంటున్న చోటే ఫిర్యాదు చేయవచ్చు. పేట, నందిగామవాళ్లకు విజయవాడ జిల్లా కమిషన్ చాలు. మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే రుసుము లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. అంతకుముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే చాలా తగాదాలు అక్కడే తెగిపోతాయి.

అయితే కాగితం కావాలి. బిల్లు ఇవ్వకపోవడాన్నే ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది, కాబట్టి రసీదు అడగడం మొహమాటపడే విషయం కాదు. తెలిసినవాడు కదా అని చేతిలో డబ్బు పెట్టకండి, ఫోన్‌పే చేయండి. బస ఎక్కడ, బస్సు ఏది, భోజనం ఎవరిది, రద్దయితే ఎంత వెనక్కిస్తారు అన్నవి రాసిన కాగితాన్ని ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి. ఫిర్యాదుకు గడువు నష్టం జరిగిన రోజు నుంచి రెండేళ్లు.