కీబోర్డును ఎన్నుకొనుట

పనిముట్టు మంచిదగుట వేఱు. మన పనికి తగినదగుట వేఱు. కంసాలి సుత్తి కమ్మరికి పనికిరాదు. కమ్మరి సమ్మెట కంసాలికి పనికిరాదు. రెండును ఇనుముతో చేసినవే, రెండును కొట్టుటకు ఉద్దేశించినవే. కాని ఒకటి పుస్తెను మలచును, ఇంకొకటి నాగటి కఱ్ఱును సాగగొట్టును. నేడు బడులలోను, కార్యాలయములలోను కనబడు కంప్యూటరు కీబోర్డు విషయమున కూడ ఈ న్యాయమే వర్తించును.

చిత్తూరు జిల్లాలో కుప్పము పట్టణమునకు పొరుగున గుడుపల్లె మండలము కలదు. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రముల సరిహద్దులు ఈ ప్రాంతమున ఒకదానికొకటి చేరువగా వచ్చుచున్నవి. ఇచ్చటి సంతలో కొంతసేపు నిలిచినచో తెలుగు, కన్నడము, తమిళము మూడును చెవిని బడును. ఈ భాషల సహవాసమును గుర్తించియే 1997లో కుప్పమున ద్రావిడ విశ్వవిద్యాలయమును స్థాపించిరి. 2002లో హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థయు, రాష్ట్ర ప్రభుత్వమును కలిసి కుప్పము ప్రాంతమున ‘ఐ-కమ్యూనిటీ’ అను పథకమును ఆరంభించి, పల్లె ప్రజల కొఱకు కంప్యూటరు సమాచార కేంద్రములను నెలకొల్పిరి. 2019 అక్టోబరు 2వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయములు ప్రారంభమైన పిమ్మట పల్లెవాసి అర్జీలెన్నియో కంప్యూటరులో నమోదగుట మొదలయ్యెను.

ఇట్టి చోట కీబోర్డు సామాన్యమైన వస్తువు కాదు. ఒక రైతు పేరులో ‘ట’ ఉండవలసిన చోట ‘త’ పడినదనుకొనుడు. అతని భూమి పత్రములో ఒక పేరు, ఆధారు కార్డులో ఇంకొక పేరు నిలుచును. ఆ ఒక్క అక్షరమును దిద్దించుకొనుటకు ఆ రైతు కూలిపని మాని, బస్సు ఛార్జీలు పెట్టుకొని, కార్యాలయము చుట్టు తిరుగవలసివచ్చును. కనుక మన చేతికి, మన లిపికి తగిన మీటల అమరిక ఎట్టిదో తెలిసికొనుట ప్రతి విద్యార్థికిని అవసరము.

ముందు కీబోర్డు నిర్మాణమును చూతము. అందలి ఆంగ్లాక్షరముల వరుస నేటిది కాదు. అమెరికాలో షోల్స్ అను నతడు రూపొందింపగా, రెమింగ్టన్ సంస్థ 1874లో విపణికి తెచ్చిన టైపు యంత్రముపై నున్న వరుసయే స్వల్పమైన మార్పులతో నేటికిని నిలిచియున్నది. సాధారణముగా అమ్ముడుపోవు పెద్ద కీబోర్డుపై 104 మీటలుండును. ఎడమ వైపున అక్షరములు, వాని పైన అంకెల వరుస, అన్నిటికంటె పైన ‘ఎఫ్’ గుర్తుగల మీటలు, నడుమ బాణపు గుర్తులు, కుడికొనను అంకెల దిమ్మె అమరియుండును. ఈ దిమ్మెలో 17 మీటలు గలవు. దానిని తొలగించినచో మిగులునవి 87. ఇట్టి కీబోర్డునే పొట్టి కీబోర్డు అనుచున్నాము. అంకెల దిమ్మె లేకున్నను అంకెలు లేకపోవు. అక్షరముల పైవరుసలో సున్న మొదలు తొమ్మిది వఱకు అన్నియు యథాతథముగా నుండును.

దిమ్మెను తీసివేయుటవలన కలుగు లాభమేమి? దీనిని లెక్క వేసి చూడవచ్చును. ఒక మీట నడిమి నుండి ప్రక్కమీట నడిమికి సుమారు 19 మిల్లీమీటర్లు. దిమ్మె వెడల్పు నాలుగు మీటలు. కనుక 76 మిల్లీమీటర్లు, అనగా మూడంగుళముల చోటు మిగులును. మన రెండు చేతులును అక్షరముల మీద నుండునప్పుడు మౌస్ అంకెల దిమ్మెకు ఆవల నుండును. దానిని పట్టుకొనుటకు ప్రతిసారియు కుడిచేయి మూడంగుళములు అదనముగా ప్రక్కకు సాగవలెను. ఒకనాడు పదిసార్లు సాగినచో బాధ లేదు. దినమంతయు వందలసార్లు సాగినచో భుజము నొచ్చును. బడిలో ఒక బల్లపై కంప్యూటరుతో పాటు నోటుపుస్తకము కూడ ఉంచవలెను. అచ్చట ఆ మూడంగుళములే పుస్తకమునకు చోటగును.

అట్లని అంకెల దిమ్మె వ్యర్థమని తలపరాదు. పాల సేకరణ కేంద్రమున కూర్చున్న గుమాస్తాను చూడుడు. ఎన్ని లీటర్లు, వెన్నశాతమెంత, సొమ్మెంత అని ఉదయము, సాయంకాలము అంకెలనే నమోదు చేయుచుండును. బ్యాంకులోని గుమాస్తా పనియు నట్టిదే. పండ్రెండంకెల ఆధారు సంఖ్యలను దినమంతయు ఎక్కించువారికి దిమ్మె కుడిభుజము వంటిది. దానిపై అంకెల క్రమము గణక యంత్రముపై వలెనే యుండును: 7, 8, 9 పైన; 1, 2, 3 క్రింద. ఐదవ అంకె మీటపై చిన్న బుడిపె యుండును. వ్రేలు దానిని తడిమి, చూడకయే తక్కిన అంకెలను గుర్తించును. అట్టివారు పొట్టి కీబోర్డును కొనుట పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నట్లగును. ఒకవేళ ముందు పొట్టిది కొని, పిమ్మట అంకెల పని తగిలినచో, అంకెల దిమ్మె మాత్రము విడిగా దొరకును. దానిని ఎడమవైపున కూడ పెట్టుకొనవచ్చును.

ఇక మన లిపి సంగతి. భారత ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో మన దేశభాషల కొఱకు ‘ఇన్‌స్క్రిప్ట్’ అను మీటల అమరికను రూపొందించెను. ఇందు స్థూలముగా అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపునను, హల్లులు కుడిచేతి వైపునను ఉండును. ఆంగ్లమున ‘కె’ ఉన్న మీటపై ‘క’ ఉండును. తెలుగులోనే కాదు, కన్నడములోను, తమిళములోను ‘క’ స్థానము అదియే. కనుక ఒక భాషలో ఈ అమరికను అభ్యసించిన వ్రేళ్లకు పొరుగుభాష అమరిక చాలవఱకు వచ్చినట్లే. మూడు భాషలు కలిసిమెలిసి యుండు గుడుపల్లె వంటి చోట ఇది ఎంత మేలో చెప్పనక్కఱలేదు.

ఈ అమరికలో ఇంకొక విశేషము కలదు. ఆంగ్లమున విరామచిహ్నములు మాత్రముండు కుడికొన మీటలపై తెలుగున ముఖ్యమైన హల్లులున్నవి. ‘ఎల్’ మీటకు కుడిప్రక్కను ‘చ’, దాని ప్రక్కను ‘ట’. ‘పి’ మీటకు కుడిప్రక్కను ‘డ’. కుడి షిఫ్టు మీటను ఆనుకొని ‘య’ ఉండును. షిఫ్టు పట్టి నొక్కినచో చ ఛ యగును, ట ఠ యగును, డ ఢ యగును. కొన్ని మిక్కిలి చిన్న కీబోర్డులపై చోటు చాలక ఈ కుడికొన మీటలనే సన్నగా చేయుదురు, లేదా వేఱొక చోటికి మార్చుదురు. ఆంగ్లము వ్రాయువానికి దానివలన కలుగు లోటు స్వల్పము. తెలుగు వ్రాయువానికి మాత్రము అడుగడుగునను తడబాటే. ‘చెట్టు’, ‘బడి’, ‘ఆట’ వంటి నిత్యపదములకును వ్రేలు వెదకుకొనవలసివచ్చును.

అట్లే బాణపు మీటలను కూడ వదలుకొనరాదు. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరము సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, దీర్ఘపు గుడి అను ఆరు మీటల కలయిక. తెలుగున దిద్దుబాటు తఱచుగా నుండును. అక్షరమునుండి అక్షరమునకు నడచుటకు బాణపు మీటలు విడిగా నుండుట మేలు. 61 మీటలు మాత్రముండు కీబోర్డుపై ఇవి ప్రత్యేకముగా నుండవు. వేఱొక మీటను పట్టి నొక్కిననే బాణములు పనిచేయును. కనుక 87 మీటలది తెలుగు వ్రాయువారికి అన్ని విధముల అనుకూలము.

తీగ గలదియా, లేనిదియా అను ప్రశ్నయు కలదు. తీగ లేనిదానికి బ్యాటరీ కావలెను. అది పరీక్షనాడే అయిపోవచ్చును. తీగ గలది కంప్యూటరునుండియే విద్యుత్తును గ్రహించును. తగిలించిన తోడనే పనిచేయును. పలువురు వాడు బడిలో ఇదియే మేలు. అయితే తీగ కీబోర్డులోనికి ప్రవేశించు మొదలు త్వరగా తెగునట్టి చోటు. తీగ ఊడదీయుటకు వీలైన రకమైనచో, తీగ చెడినప్పుడు దానిని మాత్రము మార్చుకొనవచ్చును.

మీటల క్రింది నిర్మాణము రెండు విధములు. అడుగున పలుచని పొరలు, వానిపై రబ్బరు బుడిపెలు గలది చౌక, ధ్వని తక్కువ. ప్రతి మీటకును విడిగా స్విచ్చి గలది ఖరీదైనది. కొంత మోత చేయును. స్పర్శకు స్పష్టముగా నుండును. నేర్చుకొనువానికి మొదటి రకము చాలును. ఎంత చెట్టుకు అంత గాలి. అప్పుచేసి ఖరీదైన దానిని కొననక్కఱలేదు.

దుకాణమునకు పోయినప్పుడు పెట్టెపై బొమ్మను చూచి కొనరాదు. కీబోర్డును బల్లపై పెట్టించి రెండు చేతులు ఆనింపుడు. ‘ఎఫ్’, ‘జె’ మీటలపై బుడిపెలున్నవో లేదో చూడుడు. తెలుగున అవి గుడికిని, రేఫమునకును స్థానములు. ప్రతి మీటను ఒక్కొక్కటిగా నొక్కుడు. రెండు షిఫ్టు మీటలను వేఱువేఱుగా పరీక్షింపుడు. కుడికొన మీటలు తక్కినవానితో సమానమైన వెడల్పు గలవియా, కీబోర్డు బల్లపై జారుచున్నదా, తీగ మీ బల్ల క్రిందనున్న కంప్యూటరు వఱకు అందునా అని విచారింపుడు. మీటలపై తెలుగు అక్షరములు ముద్రింపబడియుండక పోయినను చింతలేదు. అతికించుకొను అక్షరపు చీటీలు దొరకును. అభ్యాసమైన పిమ్మట వానితోను పనియుండదు.

విద్యార్థులారా! రేపు మీలో ఒకరు సచివాలయములో కూర్చుందురు. మఱియొకరు బడిలో పాఠము చెప్పుదురు. చదువురాని ముసలమ్మ యొకతె మీ యెదుట నిలిచి తన పేరు చెప్పును. ఆమె చెప్పిన పేరు చెప్పినట్లుగా, ఒత్తు పోకుండ, దీర్ఘము తప్పకుండ మీ వ్రేళ్లనుండి వెలువడవలెను. చేతికి తగిన పనిముట్టును ఎన్నుకొని, దానిని శ్రద్ధతో అభ్యసించినవారికే అది సాధ్యమగును.

అభ్యాసము

1. అంకెల దిమ్మె ఎవరికి అవసరము? ఎవరికి అవసరము లేదు? కారణములు వ్రాయుము.
2. ఇన్‌స్క్రిప్ట్ అమరికవలన సరిహద్దు ప్రాంతముల వారికి కలుగు మేలేమి?
3. మిక్కిలి చిన్న కీబోర్డులు తెలుగు వ్రాయుటకు ఏల అనుకూలింపవు?
4. మీ బడిలోని కీబోర్డును స్కేలుతో కొలిచి, దానిపై ఎన్ని మీటలు గలవో లెక్కించి, ఐదు వాక్యములలో వర్ణింపుము.