మందు, మత్తు – అయిదవ శీలము

ఈ ఏడు చరిత్ర విద్యార్థులను తీసుకుని శాలిహుండం వెళ్ళాము. వంశధార దక్షిణపు గట్టున ఉన్న ఆ కొండ మీద స్తూపాలూ చైత్య గృహాలూ చూశాము. ఈ బౌద్ధక్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినవారు, వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన మన గిడుగు రామమూర్తి పంతులుగారే. ఆ సంగతి చెప్పి, పంచశీలాల గురించి కూడా నాలుగు మాటలు చెప్పాను. అయిదవ శీలము మత్తు పదార్థాలు ముట్టకుండుట అనగానే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఎందుకు నవ్వారో చదువరులకు వేరే చెప్పనక్కరలేదు.

దిగి వస్తూంటే ఒక కుర్రాడు వెనకబడి నాతో నడిచాడు. "మాస్టారూ, ఆ అయిదో దాంట్లో మాత్రలు కూడా వస్తాయా?" అని అడిగాడు. ఏ మాత్రలోయ్ అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా చెప్పాడు. వాళ్ళ అన్న నాలుగేళ్ళుగా మనసు జబ్బుకి మందులు వాడుతున్నాడు. బాగానే ఉన్నాడు, పనికి పోతున్నాడు. ఎవరో చెప్పగా ఒక ధ్యాన శిబిరానికి వెళ్ళాడు. దరఖాస్తులో జబ్బు సంగతి, మందుల సంగతి వ్రాయలేదు. వ్రాస్తే రానివ్వరని భయం. తిరిగి వచ్చాక "శీలం తీసుకున్నాను, ఇక మత్తు ముట్టను" అని మాత్రలు చెరువులో పారేశాడు. నెల తిరగకుండా నిద్ర పోయింది, తిండి పోయింది. ఎవరో చంపడానికి వస్తున్నారని రాత్రిళ్ళు తలుపుకి అడ్డంగా కూర్చునేవాడు.

"మా యమ్మ గాలి సోకిందని ముందు భూతవైద్యుడి దగ్గరకి తీసుకెళ్ళింది మాస్టారూ. అక్కడ తేలక విశాఖపట్నం తీసుకెళ్ళాం. ఇప్పుడు మళ్ళీ మందులు వాడుతున్నాడు. కాని మింగిన ప్రతిసారీ శీలం తప్పానని ఏడుస్తాడు. నేనేటి చెప్పాలి?"

దారిలో నేను చెప్పిన జవాబు నాకే చాలలేదు. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేసి, తెలిసిన వైద్యులను అడిగి, ఆ కుర్రాడి అనుమతితోనే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఒకే మాట, రెండు అర్థాలు

మొదటి చిక్కు మన భాషలోనే ఉన్నది. జ్వరానికి వేసుకునేదీ మందే, సాయంత్రం సీసాలో తెచ్చుకునేదీ మందే. "వాడు మందు మీద ఉన్నాడు" అంటే ఊళ్ళో ఎవరికీ ఆసుపత్రి గుర్తుకు రాదు. దీనికి తోడు మానసిక వ్యాధికి ఇచ్చే మాత్రలన్నింటినీ కలిపి "నిద్రమాత్రలు" అనేయడం మనకు అలవాటు. వేసుకున్నవాడు మగతగా కనిపిస్తే "మత్తు మందు పెట్టేశారు" అంటాము. ఇలా మందు, మత్తు ఒకటే అయిపోయాయి.

రెండో వైపు చూస్తే, అసలు మత్తునే సాధనగా చెప్పుకునే పెద్దమనుషులూ మనకు కొత్త కాదు. విజయనగరం గురజాడవారు కన్యాశుల్కంలో బైరాగిని తెచ్చి కూర్చోపెట్టింది సారా దుకాణంలోనే. గంజాయి దమ్ము సాధువుకి సహజమనీ, అది ఏకాగ్రత ఇస్తుందనీ నమ్మే కుర్రాళ్ళు నేటికీ ఉన్నారు. ఒకడు మందును మత్తనుకుని పారేస్తున్నాడు, ఇంకొకడు మత్తును మందనుకుని పీలుస్తున్నాడు. తికమక ఒక్కటే.

శీలం ఏమంటున్నది?

పాళీలో ఈ శీలంలోని మాటలు విడదీసి చూద్దాం. సుర, మేరయ, మజ్జ, ప్రమాద స్థానం. సుర అంటే పిండితోనూ అన్నంతోనూ పులియబెట్టినది. మేరయ అంటే పూలు, పళ్ళు, తేనె, బెల్లం వంటి వాటితో చేసినది. మన మన్యంలో ఇప్పపూలు పులియబెట్టి చేసే సరుకు ఈ జాతిలోదే. మజ్జ అంటే మత్తు కలిగించేది. ఇక "ప్రమాదం". ఈ మాటను మనం ఇవాళ బస్సు బోల్తా పడితే వాడుతున్నాము. పాళీలో దీని అర్థం ఏమరుపాటు. ఏమరుపాటుకి చోటిచ్చేవి కనుక వాటికి దూరంగా ఉంటానని సాధకుడు తనంతట తాను పూనుకునే నియమమే అయిదవ శీలం. 1956 అక్టోబరు 14న నాగపూరులో అంబేద్కర్ తన అనుచరుల చేత చేయించిన ఇరవైరెండు ప్రతిజ్ఞలలో కూడా మద్యం త్రాగననే ప్రతిజ్ఞ ఉన్నది.

భిక్షువులకు ఈ నియమం రావడానికి వినయ పిటకంలో ఒక కథ ఉంది. సాగతుడనే భిక్షువు మహా శక్తిమంతుడు, ఒక నాగాన్ని లొంగదీసినవాడు. కౌశాంబి ప్రజలు సంతోషం పట్టలేక ఇంటింటా మద్యం సమర్పించారు. ఆయన త్రాగి ఊరి వాకిట పడిపోయాడు. నాగాన్ని గెలిచిన ఈ మనిషి ఇప్పుడు నీటిపామునైనా గెలవగలడా అని బుద్ధుడు తోటి భిక్షువులను అడిగాడు. శీలానికి గీటురాయి ఇక్కడే ఉన్నది. ఒక పదార్థం లోపలికి వెళ్ళాక మనిషికి తన మీద తనకున్న ఎరుక పెరిగిందా, తరిగిందా? అది చూడాలి.

వినయ పిటకంలోని మందులు

అదే వినయ పిటకంలో మందుల కోసం ఒక పూర్తి అధ్యాయం ఉంది. నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం అనే అయిదింటిని జబ్బుపడిన భిక్షువు ఏడు రోజుల పాటు దగ్గర ఉంచుకోవచ్చు. వేళ్ళు, కషాయాలు, ఆకులు, కాయలు, ఉప్పులు మొదలైనవి యావజ్జీవికాలు. అంటే, జబ్బు అనే కారణం ఉన్నప్పుడు జీవితాంతమూ ఉంచుకుని వాడుకోదగినవి. "జన్మంతా మాత్రలు మింగుతూనే ఉండాలా?" అని నిట్టూర్చేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. సర్వం వదులుకున్న సన్న్యాసికి కూడా జన్మాంతపు మందు తప్పు కాలేదు.

ఇంకా సూటిగా మనకు పనికివచ్చే కథ పిలిందవచ్ఛుడిది. ఆయనకు వాతరోగం వచ్చింది. వైద్యులు కాచిన నూనె త్రాగాలన్నారు. ఆ నూనెలో మద్యం కలపాలి. బుద్ధుడు కలపమన్నాడు. అయితే కొందరు భిక్షువులు మద్యం ఎక్కువ పోసి కాచి, త్రాగి తూలారు. అప్పుడాయన నియమం బిగించాడు. మద్యం రంగు, వాసన, రుచి తెలియనంత తక్కువగా ఉన్న నూనెను మాత్రమే త్రాగవచ్చు. ఎక్కువ పోసి కాచేసినదాన్ని ఒంటికి రాసుకోవాలి. చూడండి, వస్తువు అదే. కారణం, కొలత, ఫలితం వేరు. రోగి అవసరాన్ని త్రోసిపుచ్చలేదు, దాని పేరుతో మత్తుకి దొడ్డిదారీ తెరవలేదు.

మతి చలించినవారి గురించి కూడా ఆ గ్రంథంలో శ్రద్ధ కనిపిస్తుంది. గగ్గుడనే భిక్షువు ఉపోసథానికి ఒకసారి వచ్చేవాడు, ఒకసారి మరిచేవాడు. అతను వచ్చినా రాకపోయినా సంఘకార్యం చెల్లేటట్లు తీర్మానం చేశారు. మతి చలించిన స్థితిలో చేసినది దోషం కాదన్నారు. కోలుకున్న తరువాత పాత సంగతులు ఎత్తి దెప్పకుండా విడిగా విధి ఏర్పరచారు. ఇక శరీరానికి జబ్బు లేనివారు ఏళ్ళ తరబడి ఉండవచ్చుగాని, మనసుకు జబ్బు లేనివారు క్షణకాలమైనా ఉండడం అరుదని అంగుత్తర నికాయ చెబుతుంది. అక్కడ చెప్పినది రాగద్వేషాల జబ్బు, మనోవైద్యుడు చూసేది వేరు. ఆ తేడా మరవకూడదు. అయినా, మనసు జబ్బు పడడం సిగ్గుపడవలసిన విషయమనే భావం అందులో లేదు.

ఈ మాత్రలు ఏం చేస్తాయి?

మనోవ్యాధికి మందు ఇవ్వడం పరాయి దేశపు ఆలోచన అనుకునేవారికి ఒక మాట. సర్పగంధ వేరును మన వైద్యులు ఉన్మాదానికి పూర్వం నుంచీ వాడుతున్నారు. 1931లో గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ రక్తపోటుకూ ఉన్మాదానికీ దాని ఉపయోగాన్ని వైద్యపత్రికలో ప్రకటించారు. దానినుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని 1952లో స్విట్జర్లాండులో వేరుచేశారు. అదే 1952లో ప్యారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్‌ను మనోరోగులకు వాడి చూశారు. అంతకు ముందు 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ లిథియం గుణాన్ని గుర్తించాడు. ఇప్పుడు రిసర్పిన్‌ను మనోవ్యాధులకు దాదాపు వాడడం లేదు, అంతకంటె మంచివి వచ్చాయి.

ఈ మందులన్నీ ఒక జాతివి కావు. లేని మాటలు వినిపించడం, లేని శత్రువులు కనిపించడం వంటి లక్షణాలను తగ్గించేవి కొన్ని. దిగులు జబ్బుకి ఇచ్చేవి కొన్ని. ఇవి పనిచేయడానికి వారాలు పడుతుంది. వేసిన గంటలో "ఎక్కేవి" కావు, కిక్కు కోసం ఎవరూ వీటిని వెతుక్కోరు. మనసు ఒకప్పుడు ఆకాశానికీ ఒకప్పుడు పాతాళానికీ పోయే జబ్బుకి లిథియం వంటివి. ఇక డయాజిపామ్, ఆల్‌ప్రజోలామ్ వంటివి నిద్రకీ ఆందోళనకీ ఇచ్చేవి. అలవాటుగా మారే ప్రమాదం నిజంగా ఉన్నది ఈ చివరి జాతితోనే. అందుకే వైద్యులు వీటిని సాధ్యమైనంత తక్కువ కాలానికి వ్రాస్తారు. దుకాణంలో చీటీ లేకుండా కొనుక్కుని నెలల తరబడి మింగేవాడు అయిదవ శీలం గురించి తప్పక ఆలోచించుకోవలసిందే.

మందులకు దోషాలు లేవని నేననడం లేదు. మగత, ఒళ్ళు రావడం, చేతి వణుకు, నోరు ఎండడం ఉంటాయి. మగతలో ధ్యానం కుదరడం లేదన్న సాధకుడి ఫిర్యాదు న్యాయమైనది. అది వైద్యునికి చెప్పాలి. మోతాదు మార్చవచ్చు, వేళ మార్చవచ్చు, మందే మార్చవచ్చు. మానవలసి వచ్చినా మెట్టు మెట్టుగా ఆయన కనుసన్నలలో మానాలి. ఒక్కసారి ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. లిథియం వాడేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. కార్తీకంలో ఉప్పు మానే వ్రతమైనా, నీళ్ళు కూడా ముట్టని ఉపవాసమైనా వైద్యుని అడగకుండా చేయరాదు.

మందే మత్తైన చోట

ఈ తేడా ఎంత ముఖ్యమో తెలంగాణ అనుభవం చూపిస్తుంది. అక్కడ కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్‌ప్రజోలామ్ కలుపుతున్నారు. 2015లో దాడులు జరిగి ఆ కల్లు ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఎంతోమంది వణుకు, మూర్ఛలు, మతిభ్రమణలతో ఆసుపత్రులకు చేరారు. 2020లో లాక్‌డౌన్ నాడు ఎర్రగడ్డ ఆసుపత్రి ముందు ఇదే దృశ్యం. విచిత్రమేమంటే, త్రాగుడు ఒక్కసారి మానినవారికి వచ్చే ఆ వణుకూ మూర్ఛలూ తగ్గించడానికి ఆసుపత్రిలో ఇచ్చేది కూడా డయాజిపామ్ జాతి మందే. దొంగచాటుగా కల్లుకుండలో పడితే మత్తు, కొలిచి కొద్దిరోజులు ఇచ్చి తగ్గించుకుంటూ పోతే మందు. పిలిందవచ్ఛుడి నూనె కథ మళ్ళీ గుర్తు రావడం లేదూ?

మన రాష్ట్రంలో 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. చట్టం దుకాణం మూయగలదు. అలవాటుపడ్డ ఒంటికి వైద్యం వేరే కావాలి. ఇక గంజాయి. 2021లో విశాఖ మన్యంలో పోలీసులు "ఆపరేషన్ పరివర్తన" పేరుతో తోటలు నరికించారు. హాస్టలు మిత్రులకు ఒక్క మాటే చెబుతాను. లేత వయసులో గంజాయి మతిభ్రమణకు దారితీయగలదు. ఇంట్లో ఎవరికైనా అటువంటి జబ్బు ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ.

ధ్యానం సంగతి

ధ్యానం వద్దని ఎవరూ అనరు. ఆందోళన, దిగులు తగ్గడానికి అది తోడ్పడుతుంది. కాని రోజుల తరబడి మౌనంగా, గంటల కొద్దీ కూర్చునే శిబిరాలు అందరికీ ఒకలా పడవు. తీవ్రమైన మనోవ్యాధి ఉన్నవారికి అవి హాని చేయవచ్చు. అందుకే విపశ్యన కేంద్రాల దరఖాస్తులో జబ్బుల గురించీ మందుల గురించీ విడిగా అడుగుతారు. అది అవమానించడానికి అడిగే ప్రశ్న కాదు. దాచితే నష్టపోయేది మనమే. ఇంటి దగ్గర రోజూ కాసేపు చేసే సాధన, వైద్యునికి చెప్పి చేస్తే, మాత్రలతో తగవు పడదు.

బుద్ధుని కాలంలో పటాచార అనే ఆమె భర్తనూ బిడ్డలనూ పుట్టింటివారినీ ఒక్కసారే పోగొట్టుకుని మతి తప్పి, ఒంటిమీద బట్ట లేకుండా తిరిగింది. జనం తరిమారు. బుద్ధుడు ఆమెను దగ్గరకు రానిచ్చి, ఎరుక తెచ్చుకోమన్నాడు. పక్కనున్న ఒక మనిషి పైబట్ట ఇచ్చాడు. బోధ తరువాత వచ్చింది. ఎరుక రావడమే మొదటి పని. ఎరుక తీసేది మత్తు, ఎరుక తిరిగి తెచ్చేది మందు. కుర్రాడికి ఇదే చెప్పాను. "మీ అన్న మాత్ర మింగిన పూట శీలం తప్పడం లేదు, నిలుపుకుంటున్నాడు. పారేసిన నెలలోనే అతనికి ఏమరుపాటు వచ్చింది" అన్నాను.

"అయితే ఈ ముక్క కాయితం మీద రాసివ్వండి మాస్టారూ, నా మాట నమ్మడు" అన్నాడు. అందుకే వ్రాశాను.

ఇటువంటి అవసరం మీ ఇంట్లోనో, మీ గదిలోనో ఉండవచ్చు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. 2022లో మొదలైన టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. మానసిక వైద్యం పొందడం పౌరుని హక్కని 2017 నాటి చట్టం చెబుతోంది. గాలి, చిల్లంగి అంటూ నెలలు పోగొట్టకండి. మిత్రుడు మాత్రలు మానేశానని గొప్పగా చెబితే మెచ్చుకోకండి. ఆ రోజే అతనితో కూడా ఆసుపత్రికి బయలుదేరండి.