పంట వలయాలు – కణుపుల సాక్ష్యం

దక్షిణ ఇంగ్లండులోని విల్ట్‌షైర్, హాంప్‌షైర్ ప్రాంతాల గోధుమ, బార్లీ చేలల్లో రాత్రికి రాత్రే పెద్ద పెద్ద వలయాలు ఏర్పడటం 1980 దశకంలో ప్రపంచమంతా చెప్పుకున్న వింత. పైరు చాప పరిచినట్లు ఒకే వైపుకు తిరిగి పడి ఉండేది. ఎగిరే పళ్లేలు దిగాయని కొందరు, సుడిగాలి పని అని కొందరు వాదించుకున్నారు.

1991లో డగ్ బోవర్, డేవ్ చోర్లీ అనే ఇద్దరు మిత్రులు బయటికొచ్చి, 1970 దశకం నుంచీ ఆ పని చేస్తున్నది తామేనని ఒప్పుకున్నారు. చెక్కపలకకు తాడు కట్టి, కాలితో తొక్కుకుంటూ గుండ్రంగా తిరగటమే వారి విద్య! విలేకరుల కోసం ఒక వలయం చేసి కూడా చూపించారు. అంతటితో కథ ముగియాలి. ముగియలేదు. "సరే, మరి మొక్కల్లో కనిపించే మార్పుల మాటేమిటి?" అన్నారు నమ్మేవాళ్లు.

ఈ ప్రశ్న కొట్టిపారేయదగింది కాదు. 1994లో అమెరికాకు చెందిన డబ్ల్యు. సి. లెవెన్‌గుడ్ 'ఫిజియాలజియా ప్లాంటారమ్' అనే వృక్షశాస్త్ర పత్రికలో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. వలయాల్లోని మొక్కల కణుపులు బయటి మొక్కల కణుపులకంటే పెద్దవిగా ఉన్నాయనీ, గింజల మొలకలో తేడా ఉందనీ అందులో రాశారు. వేడెక్కిన ప్లాస్మా సుడులు దీనికి కారణం కావచ్చునని ఆయన ఊహ. కొన్నిచోట్ల అయస్కాంతానికి అంటుకునే ఇనుప రేణువులు దొరికాయని కూడా 1995లో మరో పత్రం వచ్చింది.

ఇక్కడ కాస్త ఆగుదాం. వరి, గోధుమ రెండూ గడ్డి కుటుంబానివే. చేను పడిపోతే నాలుగు రోజుల్లో వెన్నులు మళ్లీ తల ఎత్తటం రైతు బిడ్డలందరూ చూసిందే. దీన్నే మన పాఠాల్లో గురుత్వానువర్తనం అంటాం. కాండం పక్కకు ఒరగగానే కణుపు దగ్గర ఆక్సిన్ అనే హార్మోను కింది వైపు ఎక్కువగా చేరుతుంది. ఆ వైపు కణాలు పొడవుగా సాగి, కాండాన్ని పైకి వంచుతాయి. అంటే, ఏ కారణంతో పడిన పైరుకైనా కణుపు సాగుతుందన్నమాట!

కనుక పడిన మొక్కను నిలబడిన మొక్కతో పోల్చి తేడా ఉందనటం చాలదు. అదే చేలో, అదే రాత్రి, మనమే పలకతో తొక్కిన మొక్కలతో పోల్చాలి. కొలిచేవాడికి ఏ మొక్క ఎక్కడిదో తెలియకూడదు. 'అసలు' వలయం ఏదో ముందే నిర్ణయించుకుని నమూనాలు ఏరితే ఫలితమూ అలాగే వస్తుంది. లెవెన్‌గుడ్ పనిమీద వచ్చిన ప్రధాన విమర్శ ఇదే. ఇనుప రేణువులూ అంతే. ఉల్కల ధూళి భూమి అంతటా రాలుతూనే ఉంటుంది. ట్రాక్టరూ, నాగలీ అరిగి రాలే రజను ఉండనే ఉంది. వలయం బయటి మట్టిలోనూ అయస్కాంతం తిప్పి చూడందే లోపలి లెక్కకు విలువ లేదు.

ఎక్కడో ఇంగ్లండు గొడవ మనకెందుకంటారా? మా వరి చేను ఒక ఏడు కోతకు ముందు అడ్డంగా పడిపోయింది. పొలానికి దిష్టి తగిలిందన్నారు. మరుసటి ఏడు నాన్న గట్టుమీద దిష్టిబొమ్మ నిలబెట్టి, యూరియా మాత్రం మునుపటంతే చల్లాడు. చేను మళ్లీ పడింది. గింజ నీళ్లలోనే మొలకెత్తింది. నత్రజని ఎక్కువైతే కాడ పొడవు పెరిగి బలహీనపడుతుందని నేను కాలేజీలో చదువుకుని చెప్పేసరికి రెండు పంటలు పోయాయి. కారణం తప్పుగా పట్టుకుంటే ఖర్చు ఇలా ఉంటుంది.

మిత్రులారా, ఒక చిన్న పని చేసి చూడండి. కుండీలో ఎదిగిన వరి దుబ్బును పక్కకు పడుకోబెట్టండి. కణుపు పైవైపూ, కిందివైపూ సిరాతో గుర్తులు పెట్టి, రోజూ కొలవండి. పక్కనే మరో కుండీని నిలబెట్టి ఉంచండి. ఆ రెండో కుండీ మరిచిపోతే మాత్రం మొదటిది ఏమీ చెప్పదు.