కాగితంపై వెలుగు

భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథంలో విద్యుత్ వలయం ఒక పటంగా కనిపిస్తుంది. బ్యాటరీకి ఒక పొడవు గీత, ఒక పొట్టి గీత, తీగకు సరళరేఖ, దీపానికి చిన్న వృత్తం. విద్యార్థి ఆ పటాన్ని స్కేలుతో గీసి, భాగాలను గుర్తించి, మార్కులు సంపాదిస్తాడు. అయితే ఆ గీతల వెంట విద్యుత్తు ప్రవహించదు, ఆ వృత్తం వెలగదు. నిండుగా మార్కులు తెచ్చుకున్న విద్యార్థి చేతికి ఒక సెల్‌నూ ఒక చిన్న దీపాన్నీ ఇస్తే ఏ కొనను ఎక్కడ కలపాలో తోచక తడబడటం అరుదేమీ కాదు. పటానికీ పరికరానికీ మధ్యనున్న ఈ ఎడాన్ని చెరిపివేసే చేతిపని కాగితపు వలయం. ఇందులో పెన్సిలు గీత మీద పలుచని రాగి పట్టీని అతికిస్తారు. అప్పుడు గీసిన పటమే పరికరమవుతుంది.

విద్యుత్తుకూ కాగితానికీ ఉన్న సంబంధం నిన్నమొన్నటిది కాదు. 1800లో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా తొలి విద్యుత్ ఘటమాలను ప్రకటించినప్పుడు, లోహపు బిళ్లల నడుమ ఉంచినవి ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలో గుడ్డముక్కలో. 1936లో పాల్ ఐస్లర్ అనే ఇంజనీరు వియన్నా విడిచి ఇంగ్లండుకు చేరి, తీగల చిక్కుముడికి బదులు పలక మీద పరచిన పలుచని రాగిరేకుతో రేడియో వలయాన్ని రూపొందించాడు. పాత ట్రాన్సిస్టర్ రేడియోను విప్పితే కనిపించే గోధుమరంగు పలక చాలా సందర్భాల్లో రెసిన్‌లో నానబెట్టి గట్టిపరచిన కాగితమే. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన మీడియా ల్యాబ్‌లో జీ చీ అనే పరిశోధకురాలు, పుటలు తెరిస్తే బొమ్మలు పైకి లేచి దీపాలు వెలిగే పుస్తకాన్ని తయారుచేసింది. ఆ కృషిని గురించిన పరిశోధన పత్రం 2010లో వెలువడింది.

ఈ పనికి కావలసిన సామగ్రి స్వల్పం. ఒక మందపాటి కాగితం, వెనుక జిగురున్న రాగి పట్టీ, ఒక ఎల్.ఇ.డి., ఒక బటన్ సెల్, సెల్లోటేపు, కాగితాలను బిగించే క్లిప్పు ఉంటే చాలు. రాగి పట్టీ దొరకని చోట వంటింటి అల్యూమినియం రేకును సన్నగా కత్తిరించి అతికించినా పని జరుగుతుంది. సెల్ మీద సి.ఆర్. 2032 అని ఉండాలి. ఆ అంకెలలోనే దాని కొలతలున్నాయి: వ్యాసం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. దాని వోల్టేజి 3.

మొదట కాగితం మూల దగ్గర సెల్‌ను ఉంచి దాని చుట్టూ పెన్సిలుతో గీయాలి. ఆ వృత్తంలో నుంచి బయలుదేరే గీత రుణ మార్గం. కాగితం మూలను సెల్ మీదికి మడిచినప్పుడు దాని పై ముఖాన్ని తాకేటట్లు గీసినది ధన మార్గం. ఈ రెండు గీతలూ దీపం పెట్టదలచిన చోట దగ్గరగా వచ్చి, ఒకదానినొకటి తాకకుండా ఆగాలి. గీతల మీద రాగి పట్టీ అతికించేటప్పుడు మలుపు వచ్చిన చోట పట్టీని తెంచరాదు, మడిచి తిప్పాలి. చాలా పట్టీల వెనుకనుండే జిగురు విద్యుద్బంధకం. ముక్క మీద ముక్క అతికిస్తే కంటికి అతుకు కనిపిస్తుంది గాని విద్యుత్తుకు దారి దొరకదు.

ఎల్.ఇ.డి.కి రెండు కాళ్లుంటాయి. పొడవైనది ధన మార్గం మీద, పొట్టిది రుణ మార్గం మీద ఆనాలి. కాళ్లను చెరొక వైపు వంచి, రాగి మీద పరచి, పైన సెల్లోటేపు గట్టిగా నొక్కాలి. ఇక సెల్‌ను ధన చిహ్నం పైకి కనిపించేటట్లు పెట్టి, మూలను మడిచి క్లిప్పు బిగిస్తే దీపం వెలుగుతుంది. ధన ముఖం పైకి ఉండాలనడానికి కారణముంది. సెల్ అంచు కూడా ధన ధ్రువంలో భాగమే. మడిచిన పట్టీ అంచుకు తగిలినా అది ధన మార్గమే కనుక ప్రమాదం లేదు. సెల్‌ను తిరగవేస్తే రుణ మార్గం అంచును తాకి షార్ట్ సర్క్యూట్ ఏర్పడుతుంది. దీపం వెలగదు సరికదా, సెల్ వేడెక్కి త్వరగా నీరసిస్తుంది.

తొలి ప్రయత్నంలోనే దీపం వెలగకపోవడం సాధారణం. నిజానికి చదువు మొదలయ్యేది అక్కడే. దీపం కాళ్లు తారుమారయ్యాయా? టేపు కింద కాలు రాగిని వదిలి పైకి లేచిందా? మలుపులో పట్టీ చిట్లిందా? రెండు మార్గాలు ఎక్కడైనా కలిశాయా? వేలితో ఒక్కొక్క చోటే నొక్కుతూ వెళితే దోషమున్న స్థలంలో దీపం ఒక్కసారి మినుకుమంటుంది. ప్రయోగశాల రికార్డులో ఫలితం ముందే రాసుకునే అలవాటున్నవారికి ఈ వెదుకులాట కొంత చిరాకు కలిగించవచ్చు.

ఒక్క దీపం వెలిగిన తరువాత రెండవది చేర్చాలనే కోరిక కలుగుతుంది. సమాంతర సంధానంలో ఎరుపునూ తెలుపునూ కలిపితే ఎర్రదీపం వెలుగుతుంది, తెల్లది దాదాపు ఆరిపోతుంది. ఎరుపుకు ఇంచుమించు 2 వోల్టులు చాలు, నీలానికి, తెలుపుకు 3 వోల్టుల వరకు కావాలి. ఎర్రదీపం ముందుగా విద్యుత్తును తనవైపు లాగి వోల్టేజిని దించివేస్తుంది. కంటికి కనిపించే ఎర్ర ఎల్.ఇ.డి.ని 1962లో నిక్ హొలోన్యాక్ రూపొందించాడు. ప్రకాశవంతమైన నీలపు వెలుగు 1990వ దశకంలో గాని సాధ్యపడలేదు. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి లభించింది. నేటి తెల్లదీపాలలో అధికభాగం నీలపు దీపం మీద పసుపు పూత పూసినవే.

దీపాన్ని బయటికి కనిపించనివ్వక పైన పలుచని కాగితం కప్పితే వెలుగు మెత్తబడుతుంది. తోలుబొమ్మల కళాకారులు తోలును కాంతి ప్రసరించేంత పలుచగా చేసి, నగలున్న చోట సన్నని రంధ్రాలు పొడిచేవారు. శుభాకాంక్షల కార్డు మీద కార్తిక దీపాన్నో నక్షత్రాల ఆకాశాన్నో చిత్రించేవారు ఆ పద్ధతిని సూదితోనే అనుసరించవచ్చు.

ఈ వలయాన్ని గోడలోని 230 వోల్టుల విద్యుత్తుకు ఎన్నడూ కలపరాదు. నిరోధకం లేకుండా 9 వోల్టుల బ్యాటరీకి కలిపితే దీపం మాడిపోతుంది. బటన్ సెల్‌కు గల అంతర్నిరోధమే ఇక్కడ దీపాన్ని కాపాడుతున్నది.

అంతకంటె పెద్ద ప్రమాదం ఇంట్లో పసిపిల్లలకు పొంచి ఉంది. నాణెంలా మెరిసే సెల్‌ను బిడ్డ మింగితే అది అన్నవాహికలో చిక్కుకొని, అక్కడి తడి ద్వారా విద్యుత్తు ప్రవహించి క్షారం పుడుతుంది. రెండు గంటలలోపే లోపల తీవ్రంగా కాలవచ్చు. అనుమానం కలిగినా వాంతి చేయించే ప్రయత్నం మాని వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. తమ్ముడికో చెల్లెలికో కార్డు బహూకరించేవారు క్లిప్పు మీద ఆధారపడక, సెల్ ఊడిరాకుండా మూలను టేపుతో మూసివేయాలి. వెలుగు మందగించిన సెల్‌ను తీసి, రెండు ముఖాలకూ టేపు చుట్టి, పిల్లల చేతికందని చోట ఉంచి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించే చోట అప్పగించాలి. దీపాన్నీ రాగి పట్టీనీ మరో కార్డుకు వాడుకోవచ్చు.