ఫిరంగి ఏ సంతలో దొరుకుతది?

పెబ్బేరులో శనివారం సంత. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు వైపు నుంచి రైతులు ఎద్దులను, గొర్రెలను తోలుకొస్తారు. ఎద్దును కొనే మనిషి తొందరపడడు. ముందు నోరు తెరిచి పండ్లు చూస్తాడు. నాలుగు అడుగులు నడిపిస్తాడు. గిట్టలు చూస్తాడు. ఆ తర్వాతే ధర అడుగుతాడు. అప్పుడు మధ్యలోకి దళారి వస్తాడు. ఇటు చెవిలో ఒక మాట, అటు చెవిలో ఒక మాట చెప్తాడు. బేరం కుదిరితే అతనికీ పైసలు ముడతాయి.

సర్కారు కూడా సరుకు కొంటుంది. బడికి బల్లలు కొంటుంది. దవాఖానకు మందులు కొంటుంది. సైన్యానికి తుపాకులు, ఫిరంగులు, విమానాలు కొంటుంది. "మరి ఫిరంగి ఏ సంతలో దొరుకుతది?" అని ఎవరైనా అడిగితే నవ్వవద్దు. అది మంచి ప్రశ్న. ఫిరంగికి సంత లేదు. చేసేవాళ్లు లోకంలో కొద్దిమందే. కొనేవి ప్రభుత్వాలే. పక్క దుకాణంలో ధర అడిగి వద్దామంటే పక్క దుకాణం ఉండదు. అందుకే మోసపోవడం సులువు.

ఎవరి పైసలు?

2025-26 సంవత్సరానికి కేంద్ర ప్రభుత్వం రక్షణ శాఖకు 6 లక్షల 81 వేల కోట్ల రూపాయలు కేటాయించింది. కేంద్రం ఖర్చు పెట్టే ప్రతి 100 రూపాయల్లో ఇది 13 రూపాయల పైమాటే. ఇందులో కొత్త ఆయుధాలు, ఓడలు, విమానాల వంటి వాటికి 1 లక్షా 80 వేల కోట్లు. జీతాలు, పింఛన్లు, రోజువారీ ఖర్చులు వేరే.

కూలికి పోయేవాళ్లు పన్ను కట్టరని కొందరు అంటారు. అది నిజం కాదు. సబ్బు కొంటే అందులో పన్ను ఉంది. ఫోను రీచార్జి చేయిస్తే పన్ను ఉంది. డీజిలు మీద పన్ను ఉంది. పత్తి చేనులో కూలి చేసే అక్క సబ్బు పైసా కూడా ఆ ఫిరంగిలో ఉంది.

వెనుకటి కాలంలో గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాం కింద ఉండేవి. వాటికి సొంత బలగాలు ఉండేవి. హైదరాబాదులో 1786లో రేమాండ్ అనే ఫ్రెంచి సేనాని నిజాం కోసం ఫిరంగులు పోత పోసే కార్ఖానా పెట్టాడు. ఆ చోటును ఇప్పటికీ గన్‌ఫౌండ్రి అంటారు. ఒక్కో ఫిరంగికి ఎంతయిందో శిస్తు కట్టే రైతు అడిగే వీలు లేదు. ఇప్పుడు అడిగే వీలుంది. కాని అడగాలంటే కొనే పద్ధతి తెలియాలి.

కొనే పద్ధతి

ముందు సైన్యం తనకు ఏం కావాలో రాసి ఇస్తుంది. ఎంత దూరం కాల్చాలి, ఎంత బరువు ఉండాలి, ఎన్ని కావాలి. రక్షణ మంత్రి అధ్యక్షుడుగా ఉన్న ఒక మండలి దాన్ని చూస్తుంది. అవసరమే అని ఒప్పుకుంటే కంపెనీలను పిలుస్తారు. కంపెనీలు రెండు కవర్లు ఇస్తాయి. ఒక దాంట్లో సరుకు గుణం, రెండో దాంట్లో ధర. మొదటి కవరే ముందు విప్పుతారు.

తర్వాత సరుకును పరీక్ష చేస్తారు. ఎడారి వేడిలో, మంచు కొండల మీద వాడి చూస్తారు. ఎద్దును నడిపించి చూసినట్టే. గెలిచిన వాళ్ల ధర కవర్లు మాత్రమే విప్పుతారు. తక్కువ ధర ఉన్నవాళ్లతో బేరం చేస్తారు. మరీ పెద్ద కొనుగోలు అయితే ప్రధానమంత్రి, ముఖ్యమైన మంత్రులు కూర్చొని ఒప్పుకోవాలి. ఇంత జరిగే లోపల ఏళ్లు గడుస్తాయి. తక్కువ ధర సరుకు అన్నిసార్లూ మంచి సరుకు కాదు కూడా. సంతకు పోయినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పాలా?

బోఫోర్స్ కథ

1986 మార్చిలో మన ప్రభుత్వం స్వీడన్ దేశపు బోఫోర్స్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. సుమారు 400 ఫిరంగులు. ధర 1,437 కోట్ల రూపాయలు. మధ్యలో దళారులు ఉండరాదని ప్రభుత్వం చెప్పింది. 1987 ఏప్రిల్‌లో స్వీడన్ రేడియో ఒక వార్త చెప్పింది. ఈ బేరంలో లంచాలు నడిచాయని ఆ వార్త. 64 కోట్లు అని దేశమంతా చెప్పుకున్నారు. 1989 ఎన్నికల్లో ఊరూరా ఇదే మాట. కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. 2004లో, 2005లో ఢిల్లీ హైకోర్టు అభియోగాలను కొట్టేసింది.

ఇందులో ఒక వింత ఉంది. ఆ ఫిరంగులు చెడ్డవి కావు. 1999లో కార్గిల్ కొండల మీద అవే మన సైనికులకు అండగా నిలిచాయి. కాని బోఫోర్స్ గొడవ తర్వాత అధికారులకు భయం పట్టుకుంది. సంతకం పెడితే ఏ కేసు మీద పడుతుందో అని. అటువంటి పెద్ద ఫిరంగులకు మళ్లీ విదేశీ ఒప్పందం కుదిరింది 2016లో, అమెరికాతో. ముప్పై ఏళ్లు! లంచం వల్ల నష్టం లంచం పైసలంత అనుకుంటాం. అంతకంటె చాలా ఎక్కువ. కొండ మీద కాపలా కాసే పిల్లవాడికి కావలసిన సాధనం అందకపోవడం కూడా నష్టమే. ఆ పిల్లవాడు మన ఊరివాడు కూడా కావచ్చు.

మార్పులు

కార్గిల్ యుద్ధం తర్వాత లోపాలను విచారించారు. 2001లో పైన చెప్పిన మండలి ఏర్పడింది. 2002లో కొనుగోలు నియమాల పుస్తకం వచ్చింది. తర్వాత దాన్ని చాలాసార్లు మార్చారు. 2020లో మళ్లీ కొత్తగా రాశారు. లంచం ఇవ్వము, తీసుకోము అని పెద్ద కొనుగోళ్లలో ఇరువైపులా రాసి ఇవ్వాలి. బయటి నుంచి తెప్పించకుండా ఇక్కడే చేయించుకోవాల్సిన సామాన్ల జాబితాలు కూడా 2020 నుంచి వచ్చాయి.

ఇక్కడ చేసేవి మనకు దగ్గరలోనే ఉన్నాయి. హైదరాబాదు కంచన్‌బాగ్‌లో భారత్ డైనమిక్స్ 1970లో మొదలైంది. క్షిపణులు చేస్తుంది. ఆకాశ్ క్షిపణుల కోసం 2023 మార్చిలో రక్షణ శాఖ దీనితో 8,160 కోట్లకు పైగా ఒప్పందం చేసుకుంది. ఎద్దుమైలారం కార్ఖానాలో సైనికులు ఎక్కిపోయే యుద్ధ వాహనాలు తయారవుతాయి. 2021లో సర్కారు ఆయుధ కార్ఖానాలన్నిటినీ 7 కంపెనీలుగా మార్చింది. కార్మిక సంఘాలు వద్దన్నాయి. పని వేగం పెరుగుతుందని సర్కారు అన్నది. ఉద్యోగాల మాటేమిటని కార్మికులు అడిగారు.

ఇక్కడే చేస్తే దళారి ఉండడు అనుకోరాదు. కొనేది సర్కారే, అమ్మేది సర్కారు కంపెనీయే అయినప్పుడు ధర సరైనదా అని చూసేవాళ్లు ఇంకా ఎక్కువ కావాలి.

చూసేవాళ్లు ఎవరు? ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ జరిగింది గుర్తుందా? ఎన్ని రోజులు పని, ఎంత కూలి అని గ్రామసభలో చదివి వినిపించారు. దేశం లెక్కలను కాగ్ అనే సంస్థ తనిఖీ చేస్తుంది. దాని నివేదిక పార్లమెంటుకు పోతుంది. అక్కడ ప్రజా పద్దుల సంఘం అధికారులను పిలిచి అడుగుతుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద మామూలు మనిషి కూడా అర్జీ పెట్టవచ్చు. దేశ రక్షణకు దెబ్బ తగిలే సంగతులు మాత్రం చెప్పరు. ఆ గీత ఎక్కడ గీయాలన్న దాని మీద వాదం నడుస్తూనే ఉంది.

మాట్లాడుకోండి

1. మీ బడికి, అంగన్‌వాడీకి సామాను ఎవరు కొంటారు? ధర ఎవరు చూస్తారు?

2. ఈ వారం మీరు కొన్న వస్తువుల్లో దేని మీద పన్ను ఉంది? రసీదు తెచ్చి చదవండి.